వేరుబుడిపె నులిపురుగుల అధ్యయనం – మూడో పాఠం: వేరుకు మార్కు వేయడం

గత పాఠంలో వేర్లు తెగకుండా మొక్కను తవ్వి తీయడం, బకెట్ నీటిలో ముంచి మట్టి వదిలేలా కడగడం నేర్చుకున్నాం. ఈ పాఠంలో ఆ వేరును చదివి, నులిపురుగు (నేలలో ఉండే, కంటికి ఆనని సన్నని పురుగు) ఎంతగా సోకిందో 0 నుంచి 5 వరకు మార్కు వేయడం నేర్చుకుందాం. మన లక్ష్యం కాఫీ వేరు అయినా, చిత్తూరు, తిరుపతి పరిసరాల్లో కాఫీ తోటలు లేవు కనుక చేయి తిరిగే వరకు టమాటా వేరుతోనే సాధన చేద్దాం. పలమనేరు, పుంగనూరు వైపు కోతలు ముగిసిన టమాటా పొలంలో రైతును అడిగి, నీరు పెట్టినా మధ్యాహ్నం వాడిపోతున్న మొక్కలను కొన్ని తవ్వి తెచ్చుకుంటే చాలు.

ముందు ఏది బుడిపె, ఏది కాదు అన్నది తేల్చుకోవాలి. వేరుశనగ వేరుపై ఉండే రైజోబియం (మొక్కకు నత్రజని అందించే మేలు చేసే బాక్టీరియా) బొడిపెలు వేరు పక్కన అతుక్కుని ఉంటాయి, గోటితో గీరితే రాలిపోతాయి. నులిపురుగు బుడిపె అలా రాలదు; అక్కడ ఉబ్బింది వేరే. రెండో దశ పిల్ల పురుగు వేరు కొనలోంచి లోపలికి చేరి ఒకచోట స్థిరపడి, తన తల చుట్టూ ఉన్న కొన్ని కణాలను అనేక కేంద్రకాలు గల మహాకణాలుగా మారుస్తుంది. వాటి చుట్టూ ఉన్న కణజాలం పెరగడం వల్లనే ఉబ్బు కనిపిస్తుంది. బుడిపె లేనంత మాత్రాన నులిపురుగు లేదనుకోవడం కూడా సరికాదు. శ్రీకాళహస్తి పేరుతోనే పిలిచే వేరుశనగ కాళహస్తి తెగులుకు కారణం టైలెంకోరింకస్ బ్రెవిలినియేటస్ అనే నులిపురుగే అయినా, అది వేరు బయటే ఉండి తింటుంది కాబట్టి బుడిపెలు రావు; కాయల పెంకు నల్లబడుతుంది. మన జిల్లా విద్యార్థికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ దొరకదు.

ఇక మార్కుల విషయం. నులిపురుగుల శాస్త్రవేత్తలు టేలర్, సాసర్ 1978లో ఇచ్చిన కొలత ఇప్పటికీ విస్తృతంగా వాడుకలో ఉంది. వేరు మొత్తం మీద బుడిపెలు లేకపోతే 0, 1 లేదా 2 ఉంటే 1, 3 నుంచి 10 వరకు 2, 11 నుంచి 30 వరకు 3, 31 నుంచి 100 వరకు 4, 100 దాటితే 5. గుడ్ల ముద్దలకూ ఇదే కొలత. ఆడ పురుగు తన గుడ్లను జిగురులో పొదిగి ఉంచుతుంది. ఒక్కో ముద్దలో కొన్ని వందల గుడ్లు ఉండవచ్చు. అది ఆవగింజ కంటే చిన్నది, కంటికి సులువుగా ఆనదు. అందుకే లీటరు నీటిలో 0.15 గ్రాముల ఫ్లాక్సిన్ బి అనే ఎర్ర రంగు కలిపి, కడిగిన వేరును 15 నుంచి 20 నిమిషాలు అందులో ఉంచి, మంచినీటిలో తిరిగి జాడిస్తారు. వేరుపై ఎర్రగా తేలినవే గుడ్ల ముద్దలు. చేతికి తొడుగు వేసుకోండి. రంగు అంత సులువుగా వదలదు.

రెండు లెక్కలూ ఎందుకంటే అవి వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. బుడిపెల మార్కు మొక్క ఎంత స్పందించిందో చెబుతుంది, గుడ్ల ముద్దల మార్కు పురుగు ఎంత సంతానం పెంచుకుందో చెబుతుంది. ఒక వేరుపై 14 బుడిపెలు, 4 గుడ్ల ముద్దలు ఉన్నాయనుకోండి. మొదటి మార్కు 3, రెండోది 2. ఆడ పురుగులు ఇంకా గుడ్లు పెట్టే వయసుకు రాకపోయి ఉండవచ్చు, లేదా మొక్క వాటిని మధ్యలోనే అడ్డుకుని ఉండవచ్చు. సుమారు 27 డిగ్రీల వేడిలో జీవచక్రం నెల లోపే పూర్తవుతుంది కనుక, వేరు వయసు రాసుకోకుండా ఈ రెండింటిలో ఏదో తేల్చలేం. టమాటాలో వేరుబుడిపె నులిపురుగును అడ్డుకునే ఎమ్ఐ (Mi) నిరోధక జన్యువు నేల వేడి 28 డిగ్రీలు దాటితే బలహీనపడుతుంది. తిరుపతి వేసవిలో నిరోధక రకంపై బుడిపెలు చూసి విత్తనాన్ని తప్పుపట్టే ముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఇప్పుడు కాఫీకి వద్దాం. వేరుబుడిపె నులిపురుగుల ప్రజాతి అయిన మెలాయిడోగైన్‌కు ఆ పేరు కాఫీ వేర్ల పరిశీలనలోనే పడింది: బ్రెజిల్‌లోని రియో డి జనీరో ప్రాంతపు కాఫీ వేర్లను పరిశీలించిన ఎమిల్ గోల్డి 1887లో మెలాయిడోగైన్ ఎగ్జిగ్వాను వర్ణించాడు. ఈ జాతి గుండ్రని, స్పష్టమైన బుడిపెలు పుట్టిస్తుంది గానీ గుడ్ల ముద్దలు ఎక్కువగా వేరు బెరడు లోపలే ఉండిపోతాయి. అంటే రంగు ముంచి పైపైన లెక్కిస్తే, పురుగు బాగా వృద్ధి చెందిన వేరుకు కూడా తక్కువ మార్కు పడుతుంది. 1996లో వర్ణించిన మెలాయిడోగైన్ పరనాయెన్సిస్ ఇందుకు భిన్నం. అది సోకిన వేరుపై సాధారణ బుడిపెలు ఉండవు, బెరడు బిరడాలా మందమై పగుళ్లు పడుతుంది. అంతకుముందు దాన్ని మెలాయిడోగైన్ ఇన్‌కాగ్నిటాగా పొరబడ్డారు. పురుగులోని ఎస్టరేజ్ ఎంజైమును జెల్‌పై వేరుచేస్తే కనిపించే పట్టీల నమూనాతో దాన్ని వేరే జాతిగా గుర్తించగలిగారు. టమాటాపై నేర్చిన బుడిపెల లెక్కను అలాంటి వేరుకు వాడితే ప్రాణాంతకంగా సోకిన మొక్కకు సున్నా వేసే ప్రమాదం ఉంది. అంటు కట్టడానికి వాడే వేరుమూలాల ఎంపికలో ఆ సున్నా నేరుగా తోటలోకి వెళ్తుంది కాబట్టి, నా అభిప్రాయంలో కాఫీ వేరుకు బుడిపెల మార్కు ఒక్కటే ఇచ్చిన పట్టికను ఫలితంగా అంగీకరించకూడదు. భారతీయ కాఫీ తోటల్లో ముఖ్యంగా కనిపించే ప్రాటిలెంకస్ కాఫియే అనే నులిపురుగు కూడా బుడిపెలు పుట్టించదు, వేరులో గాయాలు చేస్తూ తిరుగుతుంది.

సాధన: తెచ్చిన టమాటా వేర్లలో ప్రతిదానికీ రంగు వేయకముందు బుడిపెల మార్కు, వేసిన తరువాత గుడ్ల ముద్దల మార్కు రాయండి. మార్కులతోపాటు అసలు సంఖ్యలు, వేరు బరువు గ్రాముల్లో, నాటిన తేదీ రైతుకు గుర్తుంటే అదీ రాయండి. రంగు వేసిన వేర్లను పారేయకుండా తడి గుడ్డలో చుట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. నాలుగో పాఠంలో వాటినే ముక్కలు చేసి, 0.5 శాతం సోడియం హైపోక్లోరైట్ (బ్లీచ్) ద్రావణంలో ఆడించి గుడ్లను విడదీసి, గ్రాము వేరుకు ఎన్ని గుడ్లో లెక్కిస్తాం.