సస్పెన్స్ నవలా రచన – నాలుగో పాఠం: ముందు బిడ్డ వయసు తేల్చుకోండి

రహస్యానికీ ఉత్కంఠకూ ఉన్న తేడాను, కథను ఎవరి వైపు నుంచి చెప్పాలన్న విషయాన్ని, మొదటి అధ్యాయంలో ఎంత చెప్పి ఎంత దాచాలన్న విషయాన్ని గత మూడు పాఠాలలో చూశాం. ఈ పాఠం నుంచి ఒకే ఇతివృత్తాన్ని పట్టుకుని నవలను అల్లుకుంటూ వెళదాం. ఒక ఇంట్లో పసిబిడ్డ కనిపించకుండా పోయింది. అంతవరకే మన దగ్గర ఉంది.

ఈ ఇతివృత్తం చేతికి రాగానే చాలామంది "ఎవరు ఎత్తుకుపోయారు?" అన్న ప్రశ్నతో మొదలుపెడతారు. ఆ ప్రశ్నకు జవాబు కావలసిందే గాని, దానికంటే ముందు తేల్చుకోవలసింది బిడ్డ వయసు. "చంటిబిడ్డ" అని రాసుకుని ముందుకు పోతే సరిపోదు. నెలల్లో, వీలైతే రోజుల్లో లెక్క తేలాలి. ఎందుకంటే వయసు మారితే జరిగి ఉండగల నేరం మారుతుంది, అనుమానితుల జాబితా మారుతుంది, బిడ్డ ప్రాణానికి ఉన్న గడువు కూడా మారుతుంది.

పది రోజుల బిడ్డను తీసుకోండి. ఆ బిడ్డ తనంతట తాను పక్కకైనా తిరగలేదు కనుక, పడుకోబెట్టిన చోట లేదంటే ఎవరో ఎత్తుకున్నట్టే. రెండు మూడు గంటలకొకసారి పాలు పట్టాలి. అంటే ఎత్తుకుపోయిన మనిషి పాలిచ్చే తల్లి అయినా కావాలి, పాలపొడి ముందే సిద్ధం చేసుకున్నదైనా కావాలి, లేదా ఏమీ తెలియక భయంతో చేసిన పని అయినా కావాలి. ఈ మూడింటిలో ఏది ఎంచుకున్నా మీకు వేరే నవల వస్తుంది. ఇక బొడ్డు సంగతి చూడండి. పుట్టాక మిగిలిన బొడ్డుతాడు ముక్క సాధారణంగా ఒకటి నుంచి మూడు వారాల్లో ఎండి ఊడిపోతుంది. దొంగిలించిన బిడ్డను తన బిడ్డగా చెప్పుకుంటున్న స్త్రీ "మూడో నెల" అంటుంది. గుడ్డ మారుస్తుండగా చూసిన పొరుగావిడకు ఇంకా ఊడని బొడ్డు కనిపిస్తుంది. ఆవిడ ఏమీ అనదు, గుడ్డ మడత సరిచేసి ఇచ్చేస్తుంది. అక్కడ అధ్యాయం ఆపండి. ఆ ఒక్క క్షణం పది పేజీల వెంటాడింపు కంటే గట్టిగా నిలుస్తుంది.

తొమ్మిది నెలల బిడ్డయితే కథ పూర్తిగా వేరు. చాలామంది పిల్లలు ఆ వయసుకు పాకుతారు. కాబట్టి తెరిచి ఉన్న తలుపు, మెట్లు, నీళ్ళ తొట్టి, అన్నీ అనుమానంలోకి వస్తాయి. పైగా అది కొత్తా పాతా తెలిసే వయసు. తెలియని చేతుల్లోకి వెళితే బిడ్డ సాధారణంగా ఏడుస్తుంది. ఆ రాత్రి ఏడుపు ఎవరికీ వినిపించలేదంటే, బిడ్డ గాఢనిద్రలో ఉండి ఉండాలి, లేదా ఆ చేతులు తెలిసినవై ఉండాలి. ఇంట్లోవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం అక్కడే మొదలవుతుంది. ఏడాదిన్నర బిడ్డకు నడకా నాలుగైదు మాటలూ వచ్చి ఉంటాయి కనుక, ఆ మాటల్లో ఒకదాన్ని సాక్ష్యంగా వాడుకోవచ్చు.

వయసు తేలాక తల్లి దగ్గరకు రండి. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగమంటాను. ఈ రకం నవలల్లో తల్లి చేత ఏడిపించడం, స్పృహ తప్పించడం తప్ప మరేమీ చేయించని రచనలు ఎన్నో కనిపిస్తాయి, అది ఆమెకు అన్యాయం. పాలిచ్చే తల్లి ఒంటికి వేళ తెలుసు. బిడ్డ లేకపోయినా పాలు చేపుకు వస్తాయి, రొమ్ములు గట్టిపడి నొప్పి పెడతాయి. ఆ తీవ్రతను ఇలా పట్టుకోవచ్చు:

"ఇన్‌స్పెక్టర్ రెండోసారి అదే ప్రశ్న అడిగాడు. ఆమె గోడ మీది గడియారం వైపు చూడలేదు. జాకెట్టు తడిసింది. నాలుగయిందన్నమాట."

దుఃఖం అన్న మాట ఎక్కడా లేదు. కానీ బిడ్డ ఆకలితో ఉన్న సంగతి, గంటలు గడుస్తున్న సంగతి పాఠకుడికి చేరిపోయాయి. ప్రతి మూడు నాలుగు అధ్యాయాలకొకసారి, ఇలాగే కాకుండా వేర్వేరు రూపాల్లో, ఈ వేళను గుర్తు చేస్తూ ఉండండి.

ఆధారాలు ఎలా నడుస్తాయో తెలుసుకోవడానికి చరిత్రలోని ఒక కేసు ఉపయోగపడుతుంది. 1932 మార్చి 1 రాత్రి అమెరికాలోని న్యూజెర్సీలో, విమాన చోదకుడు చార్లెస్ లిండ్‌బర్గ్ ఇరవై నెలల కొడుకు పడకగదిలోంచి మాయమయ్యాడు. 50,000 డాలర్లు అడుగుతూ రాసిన ఉత్తరం, ఇంటి దగ్గర చేతితో చేసిన ఒక నిచ్చెన దొరికాయి. మే 12న బిడ్డ శవం కనిపించింది. ఆ ఉత్తరానికి లొంగి ఇచ్చిన సొమ్ములోని గోల్డ్ సర్టిఫికెట్ నోట్లు (బంగారం హామీతో అప్పట్లో అమెరికాలో చెల్లిన కాగితపు నోట్లు) మారకంలో బయటపడుతూ 1934లో బ్రూనో హాప్ట్‌మన్ అనే వడ్రంగి దాకా దారి చూపాయి. నిచ్చెనలోని ఒక కర్ర అతని అటక నేలపలకతో సరిపోయిందని కలప నిపుణుడు ఆర్థర్ కోలర్ సాక్ష్యం చెప్పాడు. 1936లో హాప్ట్‌మన్‌కు మరణశిక్ష అమలు చేశారు, ఆ తీర్పు మీద వాదనలు నేటికీ ఉన్నాయి. ఆ కుటుంబం దుఃఖాన్ని మీ కథలోకి దించుకోవద్దు. గమనించవలసింది ఒక్కటే: మొదటి రాత్రే అందరి కళ్ళముందున్న నిచ్చెన నోరు విప్పడానికి రెండేళ్ళకు పైగా పట్టింది. మీ నవలలో కూడా అసలైన ఆధారం మొదటి అధ్యాయంలోనే, నలుగురూ చూసేలా, ఎవరికీ పట్టనట్టుగా ఉండాలి.

బిడ్డ బతికే ఉందని పాఠకుడికి ఎప్పుడు చెప్పాలి? నా అభిప్రాయంలో త్వరగా చెప్పేయాలి. బతికుందో లేదో అన్న అనుమానం కొద్ది అధ్యాయాలకే అలసట తెస్తుంది. బతికే ఉంది గాని ఎంతసేపు క్షేమంగా ఉంటుందో తెలియదన్న భయం చివరిదాకా లాగుతుంది. ఇందుకు బిడ్డకు ఒక అలవాటు ఇవ్వండి. నిద్ర పట్టేముందు తన చెవి తానే పట్టుకుంటుందనుకోండి. మొదటి అధ్యాయంలో ఒక్కసారి, మాటల మధ్య చెప్పి వదిలేయండి. తర్వాత ఎక్కడో తెలియని ఇంట్లో, పేరు చెప్పని ఒక బిడ్డ చెవి పట్టుకుని నిద్రపోతుంది. మీరు వివరించనక్కర్లేదు. మరొక మాట, మలుపు కోసమని బిడ్డను చంపకండి. అంత బరువైన సంఘటనకు కథలో ముందునుంచీ పునాది లేకపోతే పాఠకుడు మిమ్మల్ని నమ్మడం మానేస్తాడు, అతని తప్పు కూడా ఉండదు.

ఈ పాఠానికి అభ్యాసం. బిడ్డ వయసు నిర్ణయించి, మాయమైన మొదటి పన్నెండు గంటలను రెండు కాగితాల మీద గంటల వారీగా రాయండి. ఒకదానిలో నిజంగా జరిగినది, రెండోదానిలో ఇంట్లోవాళ్ళకు తెలిసినది ఉండాలి. బిడ్డ ఆకలి వేళలను రెండింటిలోనూ ఎర్ర సిరాతో గుర్తించండి. రెండు కాగితాలూ ఎక్కడెక్కడ విడిపోతున్నాయో అక్కడ ఎవరో ఒకరు అబద్ధం చెబుతున్నారు. వచ్చే పాఠంలో ఆ అబద్ధాలను మనుషులకు పంచుదాం, కాగితాలు దగ్గర ఉంచుకోండి.