ఊరి వ్యాపారానికి తొలి డబ్బు – 3వ పాఠం: పన్నెండు గళ్ల కాగితం

కిందటి పాఠంలో రిజిస్ట్రేషన్ సంగతి చూశాం. సెక్షన్ 8 కంపెనీలో (సేవ కోసం పెట్టే కంపెనీ) లాభాలు పంచుకోకూడదు కాబట్టి వాటా కొని లాభం ఆశించేవాళ్లు రారు, సీఎస్ఆర్ డబ్బుకి (పెద్ద కంపెనీలు సమాజం కోసం ఖర్చు పెట్టే డబ్బు) మాత్రం దారి ఉంటుంది. ప్రైవేట్ లిమిటెడ్ అయితే దాదాపు దీనికి తిరగేసి. అది తేలిందనుకుని ఇవాళ అసలు పనికి వద్దాం. ఏ రకం డబ్బు, ఏ నెలలో అడగాలి?

కోనసీమలో పదిమంది ఆడవాళ్లు కలిసి కొబ్బరి పొట్టుతో కోకోపీట్ దిమ్మలు (మొక్కలకి మట్టి బదులు వాడేవి) చేద్దామనుకున్నారనుకోండి. పీచు మిల్లుల పక్కన పొట్టు గుట్టలుగా పడి ఉంటుంది. వానొస్తే ఆ ఎర్రనీళ్లు చేలల్లోకి దిగుతాయి. ఆ గుట్ట కరిగితే ఊరికి మేలు, వీళ్లకి రోజుకూలి. కొనడానికి కడియం నర్సరీలు దగ్గరలోనే ఉన్నాయి.

కానీ పొట్టులో ఉప్పు ఉంటుంది. ఎక్కువైతే లేత వేళ్లు మాడిపోతాయి. అందుకే సంగతి తెలిసిన కొనుగోలుదారు ధర కంటే ముందు ఈసీ (ఉప్పు ఎంతుందో చెప్పే కొలత) ఎంతో అడుగుతాడు. పొట్టుని మంచినీళ్లతో కడగాలి, ఎండబెట్టాలి, ఆ తర్వాతే దిమ్మ కొట్టాలి.

ఇప్పుడు ఒక కాగితం మీద జూన్ నుంచి మే దాకా పన్నెండు గళ్లు గీయండి. ప్రతి గడిలో మూడు ప్రశ్నలు: కడగడానికి నీళ్లున్నాయా? ఆరబెట్టడానికి ఎండ ఉందా? ఈ నెల చేతికి డబ్బు వస్తుందా?

జులై నుంచి అక్టోబరు దాకా కాలవ నిండా నీళ్లు, ఎండ మాత్రం నమ్మలేం. ఏప్రిల్ నెలాఖరు, మే నెలల్లో ఎండ మండిపోతుంది, కానీ కాలవలు కట్టేస్తారు. బోరు వేద్దామంటే సముద్రం దగ్గరి ఊళ్లలో ఉప్పునీళ్లే పడతాయి. రెండూ కలిసొచ్చేది డిసెంబరు నుంచి మార్చి దాకా. ఈ నాలుగు నెలల సంపాదనతోనే ఏడాది నడవాలి.

ఇది నాకు ఆలస్యంగా తెలిసింది. ఒక గ్రూపుకి లోను పేపర్లు రాసిపెట్టింది నేనే. ప్రతి నెలా సమానంగా కట్టే వాయిదాకి ఒప్పుకున్నాం. ఆగస్టులో వాయిదా రోజున షెడ్డులోకి వెళ్లి పొట్టు పిడికిట పట్టి పిండితే, వేళ్ల సందుల్లోంచి టీ డికాక్షన్ రంగు నీళ్లు కారాయి. దిమ్మ ఒక్కటీ లేదు. వాళ్లలో ఒకామె చెవి దుద్దులు తాకట్టు పెట్టి వాయిదా కట్టింది. అప్పటినుంచి ఈ కాగితం గీయకుండా నేను ఎవరినీ బ్యాంకుకి పంపలేదు.

గళ్లు నిండాక డబ్బు దానంతటదే మూడుగా విడిపోతుంది. కడిగితే ఈసీ ఎంతకి దిగుతుంది, కడియంలో ఎవరు కొంటారు అని తేల్చుకునే ప్రయోగానికి అప్పు వద్దు. అది ఫెయిలయినా తిరిగి కట్టనక్కర్లేని గ్రాంటే అడగండి. దిమ్మలు కొట్టే మిషనుకి టర్మ్ లోను (కొన్నేళ్లలో వాయిదాలుగా తీర్చే అప్పు) సరిపోతుంది, అయితే మారటోరియం (వాయిదాలు మొదలవకముందు ఇచ్చే గడువు) ఎన్ని నెలలో, పెద్ద వాయిదాలు జనవరి–ఏప్రిల్‌కి మార్చగలరా అని సంతకానికి ముందే అడగండి. పన్నెండు గళ్ల కాగితం టేబుల్ మీద పెట్టి అడిగితే మేనేజరుకి కూడా మాట్లాడటానికి ఒక ఆధారం ఉంటుంది. పొట్టుకీ కూలికీ అయ్యే రోజువారీ ఖర్చుకి క్యాష్ క్రెడిట్ (ఒక పరిమితి దాకా కావలసినప్పుడు తీసుకుని, డబ్బు రాగానే తిరిగి కట్టే బ్యాంకు అప్పు) వేరుగా తీసుకోవాలి. మిషను లోనులోంచి కూలి ఇవ్వడం మొదలైతే రెండూ మునుగుతాయి.

సరుకు పోయినా డబ్బు వెంటనే రాదు. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారంగా ప్రభుత్వం దగ్గర నమోదు) చేయించుకోండి. 2006 ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం చిన్న ఉత్పత్తిదారుకి కొనుగోలుదారు రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటించకూడదు, ఒప్పందం లేకపోతే 15 రోజులే. దాటితే వడ్డీ కట్టాలి. ఈ గడువు కూడా కాగితంలో వేయండి: ఫిబ్రవరిలో పంపిన దిమ్మల డబ్బు మార్చి గడిలోనో ఏప్రిల్ గడిలోనో రాయాలి.

ఈ వారం మీ పనికి ఇదే కాగితం గీయండి. రొయ్యల మేత అయినా, నర్సాపురం లేసు అయినా సరే. డబ్బు రాని గళ్లకి ఎర్ర ఇంకుతో చుక్క పెట్టండి. వచ్చే పాఠంలో ఆ ఎర్రచుక్కల నుంచే గ్రాంటు దరఖాస్తు రాయడం మొదలుపెడదాం.