పాకెట్ వాచ్‌కి కీ ఇస్తుంటే ముళ్ళు తిరుగుతున్నాయా? మెషిన్ విప్పకండి

సమస్య: క్రౌన్ (కీ ఇచ్చే గుండీ) పైకి లాగినా ముళ్ళు కదలవు.

అద్దం బెజెల్ (అద్దాన్ని పట్టి ఉంచే రింగు) మర విప్పి డయల్ అంచు చూడండి. సన్నటి లీవర్ ఉంటే గోటితో బయటికి లాగి, టైమ్ సరిచేసి, మళ్ళీ లోపలికి తోసేయండి. అమెరికా రైల్వే వాచీలు చాలావరకు ఇలాంటివే. కీ ఇస్తూ పొరపాటున టైమ్ మార్చకుండా ఆ ఏర్పాటు. ఇది చూడకుండా ప్లయర్ పెట్టి క్రౌన్‌ని పీకేవాళ్ళకి ఇంక ఏం చెప్పాలో తెలియదు.

సమస్య: క్రౌన్ లోపలే ఉంది, తిప్పితే ముళ్ళు తిరుగుతున్నాయి. లేదా బయట చక్కగా నడిచే మెషిన్ కేసులో పెట్టగానే నీరసపడి ఆగిపోతోంది.

అందరూ బోల్తా పడేది ఇక్కడే. వాల్తమ్, ఎల్జిన్ లాంటి పాత అమెరికన్ వాచీల్లో చాలావాటికి స్టెమ్ (క్రౌన్‌కి ఉండే కడ్డీ) ఉండేది మెషిన్‌లో కాదు, కేస్‌లో. అది లోపలికి నొక్కితేనే మెషిన్ కీ తీసుకుంటుంది. నొక్కేది లేకపోతే సెట్టింగ్‌లోనే, అంటే ముళ్ళు తిప్పే స్థితిలోనే ఉంటుంది. కాబట్టి కేస్ నుంచి తీసిన మెషిన్‌లో ముళ్ళు తిరగడం రోగం కాదు. చదరపు బెంచ్ కీని (స్టెమ్‌కి బదులు పెట్టి తిప్పే పనిముట్టు) పూర్తిగా లోపలికి నొక్కి తిప్పండి. స్ప్రింగ్ చుట్టుకుంటే మెషిన్‌కి ఏ లోటూ లేదు.

దోషం కేస్ మెడలోని స్లీవ్‌ది. చీలికలున్న చిన్న మర గొట్టం అది, స్టెమ్‌ని పట్టి ఉంచుతుంది. కాస్త పైకి వచ్చేస్తే స్టెమ్ సరిపడా నొక్కదు, సెట్టింగ్ చక్రాలు సగం తగులుకునే ఉండి మెషిన్‌ని లాగేస్తాయి. మెషిన్ తీసి, స్టెమ్ చదరాన్ని పట్టుకుని క్రౌన్ విప్పి, స్లీవ్ రెంచ్‌తో స్లీవ్‌ని పావు చుట్టు లోపలికి దించి, బిగించి చూడండి. మరీ దించితే ఈసారి ముళ్ళు సెట్ కావు, కొంచెం వెనక్కి తిప్పండి.

చీలికలు విరిగిపోతే కొత్త స్లీవే. దాన్ని పాత మెటీరియల్ (విడిభాగాల) కేటలాగ్‌లో ఎల్జిన్ కింద వెతికితే దొరకదు. కేస్ చేసిన కంపెనీ వేరు: కీస్టోన్, క్రెసెంట్, డ్యూబర్, వాడ్స్‌వర్త్. వెనక మూత లోపలి ముద్ర చూసి ఆ పేరు కింద, కేస్ సైజు ప్రకారం వెతకండి. మెషిన్ సీరియల్ నంబర్ ఇక్కడ పనికిరాదు. అన్నట్టు, ఇల్లినాయ్ వాచ్ కేస్ కంపెనీ, స్ప్రింగ్‌ఫీల్డ్‌లోని ఇల్లినాయ్ వాచ్ కంపెనీ ఒకటి కావు.

క్లచ్ (కీకీ సెట్టింగ్‌కీ మధ్య మారే పళ్ళ చక్రం) పళ్ళు అరగడం, సెట్టింగ్ స్ప్రింగ్ విరగడం అరుదు. బెంచ్ కీతో కూడా కీ ఎక్కకపోతేనే వాటి జోలికి వెళ్ళండి.