అత్తయ్య అనుమానంతో వాదించకుండా

గుంటూరు బ్రాడీపేటలో మా ఇల్లు. పై వాటా వాళ్లు నీళ్ల ట్యాంకులో ఏదో కలుపుతున్నారని అత్తయ్య గట్టిగా నమ్మారు. వంట, పాల లెక్క, పూజ అన్నీ మామూలే. ఆ ఒక్క మాట మాత్రం నెలలు గడిచినా వదల్లేదు. దీన్ని డెల్యూజనల్ డిజార్డర్ అంటారని, నిజం కానిదాన్ని గట్టిగా నమ్మే మానసిక జబ్బని డాక్టరు చెప్పాకే తెలిసింది.

ఆవిడ ఎదుటే ఆ నీళ్లు గ్లాసుతో పట్టుకుని తాగాను. "నిన్నూ వాళ్లవైపు తిప్పుకున్నారే" అని ఏడ్చారు. అందుకే వాదించకండి, అలాగని ఔననకండి. "నాకలా అనిపించట్లేదు అత్తయ్యా, కానీ మీకు భయంగా ఉందని తెలుస్తోంది" అనండి. తర్వాత గోంగూర కట్ట ముందు పెట్టి, ఆకు తుంచుతూ పక్కన కూర్చోండి.

"నిద్ర పట్టట్లేదుగా, చూపిద్దాం" అంటే డాక్టరు దగ్గరికి వచ్చారు. గుంటూరు ప్రభుత్వాసుపత్రి జీజీహెచ్‌లో సైకియాట్రీ విభాగం ఉంది. ఎలా మొదలుపెట్టాలో తోచకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, ఉచితం, రాత్రయినా పలుకుతారు. వినికిడి కూడా పరీక్ష చేయించండి. పెద్దవాళ్లలో చెవుడు అనుమానాన్ని పెంచుతుంది.

మాత్ర పప్పులో కలిపి పెట్టమని చుట్టాలు చెబుతారు. దయచేసి వద్దు. విషం పెడుతున్నారని భయపడే మనిషికి అది కంటపడితే ఇక మనల్నెప్పుడు నమ్ముతారు? మందు పనిచేయడానికి వారాలు పడుతుంది. చేతులు వణికినా, ఒళ్లు బిగుసుకున్నా మీరే ఆపేయకుండా డాక్టరుకి చెప్పండి. తనకో, పక్కవాళ్లకో హాని చేస్తానంటే మాత్రం ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

అనుమానం పూర్తిగా పోలేదు. కానీ ఇప్పుడు ఆ కుళాయి నీళ్లతోనే బియ్యం కడుగుతున్నారు.