టమాటా డ్రైయర్‌లో హీటర్ కంట్రోల్: ఎస్‌ఎస్‌ఆర్ ఒక్కదాన్నే నమ్మొద్దండి

మా పత్తికొండ పక్క రేటు పడినప్పుడల్లా టమాటా రోడ్డు పక్కన పారబోస్తారు, అది చూడలేక ముక్కలు కోసి ఎండబెడదామని పాత ఇనుప బీరువాతో డ్రైయర్ కట్టినా. 2000 వాట్ల ఫిన్ హీటరు, దానికింద ఫ్యాను, కంట్రోలర్‌లో 60 డిగ్రీల సెట్టింగు. కంట్రోలర్ చెప్పినట్టు హీటర్‌కి కరెంటు ఇచ్చి ఆపే ఎలక్ట్రానిక్ స్విచ్చే ఈ ఎస్‌ఎస్‌ఆర్ (సాలిడ్ స్టేట్ రిలే).

నెల బాగానే ఆడింది. ఒక రాత్రి మాడు వాసనొస్తే లేచి చూసినా, కంట్రోలర్ మీద 104 డిగ్రీలు, అవుట్‌పుట్ లైటు ఆరిపోయే ఉంది, హీటర్ మాత్రం ఆగలే. ఎస్‌ఎస్‌ఆర్ చెడిపోతే చానాసార్లు ఆన్‌లోనే ఇరుక్కుంటుంది, ఇంక కంట్రోలర్ ఎంత ఆపమన్నా వినదు. సెన్సర్ ఊడి బయట పడినా అంతే, పెట్టె చల్లగా ఉందనుకొని కరెంటు ఇస్తానే ఉంటుంది.

అందుకే కంట్రోలర్‌తో సంబంధం లేకుండా ఇంకో కాపలా ఉండాల. నేను 90 డిగ్రీలకి తెగే కటౌట్ (వేడెక్కితే లైను తెంచే స్విచ్చి) వేసినా, బటన్ నొక్కితేనే మళ్ళా కలిసే రకం, తనంతట తాను కలిసేదైతే రాత్రంతా తెగతా కలుస్తా ఉంటుంది. దాన్ని కాంటాక్టర్ (కాయిల్‌కి కరెంటు ఉన్నంతసేపే లైను కలిపి ఉంచే పెద్ద స్విచ్చి) కాయిల్‌కి సిరీస్‌లో కలిపితే అది తెగగానే కాంటాక్టర్ హీటర్ లైన్ మొత్తం కోసేస్తుంది. కటౌట్ హీటర్‌కి దగ్గర్లోనే బిగించండి, ఏంటికంటే ఫ్యాను ఆగితే హీటర్ ఎర్రగా కాలతా ఉన్నా పైనున్న సెన్సర్‌కి వేడి సరిగా చేరదు.

2000 వాట్లంటే 230 వోల్టులకి దాదాపు 8.7 ఆంప్స్. ఎస్‌ఎస్‌ఆర్ ఒక్కో ఆంప్‌కి సుమారు ఒక వాట్ వేడి పుట్టిస్తుంది కాబట్టి 40 ఆంప్స్‌ది తీసుకున్నా సరే థర్మల్ పేస్ట్ పూసి హీట్‌సింక్‌కి (వేడి లాగేసే లోహపు దిమ్మెకి) బిగించాల్సిందే. వైరు 2.5 స్క్వేర్, హీటర్ దగ్గర మాత్రం సిలికాన్ వైరు, మామూలు పీవీసీ 70 డిగ్రీలకి మించి తట్టుకోదు. అక్కడ సోల్డరింగ్ వద్దు, లగ్గులు నొక్కి స్క్రూ బిగించండి.

16 ఆంప్స్ ఎంసీబీ ఉంది కదా అని ధైర్యపడొద్దు, మనిషికి షాక్ కొడితే అది పడదు, దానికి 30 మిల్లీఆంప్స్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే పసిగట్టి లైను తెంచేది) వేరే కావాల, బీరువాకి ఎర్తు కావాల. ఎస్‌ఎస్‌ఆర్ ఆఫ్‌లో ఉన్నా కొంచెం కరెంటు లీకవుతుంది, ప్లగ్ పీకకుండా లోపల చెయ్యి పెట్టొద్దండీ.

టమాటా పెట్టకముందే ఖాళీ పెట్టెతో, పక్కనే నిలబడి, సెట్టింగు 120కి పెంచి చూడండి, కటౌట్ తెగాల. చల్లారినాక ఫ్యాను వైరు పీకి మళ్ళా చూడండి, అప్పుడూ తెగాల.