రోడ్డు లేని సరస్సుకు వాల్‌ఐ వేటకు వెళ్ళేవారు తెలుసుకోవలసినవి

ట్రాన్స్‌కెనడా రహదారి నుంచి వెర్మిలియన్ బే వద్ద ఉత్తరానికి చీలే 105వ నంబరు రోడ్డు, కెనడాలోని ఒంటారియో రాష్ట్రపు వాయవ్య మూలనున్న రెడ్ లేక్ అనే చిన్న ఊరి దగ్గర ముగిసిపోతుంది. అక్కడికి ఉత్తరాన ఉన్న వందలాది సరస్సులకు వేసవిలో ఆకాశమే దారి. నీటి మీద వాలే చిన్న విమానంలో మనుషులను, సామానును తీసుకువెళ్ళి, చెక్క క్యాబిన్ ముందున్న డాక్ వద్ద దింపి, మళ్ళీ వారానికి వచ్చి తీసుకువస్తారు. అలాంటి చోట వాల్‌ఐ అనే చేప గాలానికి పడటం పెద్ద కష్టం కాదు. కష్టమంతా మిగతా విషయాలలోనే ఉంది. మరచిపోయిన వస్తువు కోసం పరుగెత్తడానికి అక్కడ అంగడి ఉండదు కనుక, యాత్ర బాగా సాగుతుందా లేదా అన్నది ఇంట్లో సంచి సర్దుకునేటప్పుడే చాలావరకు తేలిపోతుంది.

ముందు చేప సంగతి చూద్దాం. వాల్‌ఐని కెనడాలో చాలామంది పికరల్ అంటారు, క్యుబెక్‌లో డోరే అంటారు. ఒళ్ళు బంగారు ఛాయ కలిసిన ఆలివ్ రంగులో ఉంటుంది, తోక కింది కొసన తెల్లటి మచ్చ ఉంటుంది. కంటి వెనుక వెలుతురును తిప్పికొట్టే పొర ఉండటం వల్ల రాత్రి టార్చి వేస్తే పిల్లి కళ్ళలా మెరుస్తుంది. మసక వెలుతురులో తనకు కనిపించినంత బాగా తన ఆహారమైన చిరుచేపలకు కనిపించదు కాబట్టి తెల్లవారుజామున, మునిమాపు వేళ, మబ్బు పట్టినప్పుడు, గాలికి నీరు చిన్న అలలుగా కదిలినప్పుడు అది చురుకుగా మేస్తుంది. ఎండ నిట్టనిలువుగా పడే నిశ్చలమైన మధ్యాహ్నం క్యాబిన్‌లో కాసేపు నిద్రపోయి, సాయంత్రం వేటకు ఓపిక మిగుల్చుకోవడమే మేలు. జూన్‌లో అక్కడ రాత్రి తొమ్మిదిన్నర దాకా వెలుతురు ఉంటుంది.

చేపల వేట నిబంధనల కోసం ఒంటారియోను జోన్‌లుగా విభజించారు. రెడ్ లేక్ పరిసరాలు చాలావరకు చేరే 4వ జోన్‌లో వాల్‌ఐ వేట మే నెల మూడవ శనివారం మొదలవుతుంది. మంచు కరగగానే గుడ్లు పెట్టే ఈ చేపలు మే చివర, జూన్ మొదట్లో వాగులు కలిసే చోట్ల, రాతి ఒడ్డుల వెంట, రెండు మూడు మీటర్ల లోతులోనే దొరుకుతాయి. అందుకే మొదటిసారి వెళ్ళేవారికి నా సలహా జూన్. నల్ల ఈగలు, దోమలు దండిగా ఉండే నెల కూడా అదే కనుక లేత రంగు పొడుగు చేతుల చొక్కాలు, ప్యాంటు అంచులు లోపలికి దోపుకునే పొడవాటి మేజోళ్ళు, తలకు వల తప్పనిసరి. జూలై, ఆగస్టులలో చేప లోతుకు దిగి నీటి అడుగున ఉన్న రాతి దిబ్బల మీద, కలుపు మొక్కల అంచున ఉంటుంది. అప్పుడు వెతుకులాట ఎక్కువ, ఈగల బాధ తక్కువ.

లైసెన్సు విషయంలో తొందరపాటు పనికిరాదు. ఒంటారియోలో వారం వేటాడటానికి ఔట్‌డోర్స్ కార్డు అనే ప్రభుత్వ గుర్తింపు కార్డు, దానితోపాటు ఫిషింగ్ లైసెన్సు ఉండాలి. లైసెన్సులో స్పోర్ట్, కన్సర్వేషన్ అని రెండు రకాలున్నాయి. 4వ జోన్‌లో స్పోర్ట్ లైసెన్సుపై నాలుగు వాల్‌ఐలు, కన్సర్వేషన్‌పై రెండు ఉంచుకోవచ్చు, రెంటిలోనూ 46 సెంటీమీటర్లు దాటినది ఒక్కటికి మించి ఉండకూడదు. కొన్ని సరస్సులకు వేరే నిబంధనలున్నాయి కాబట్టి వెళ్ళే సంవత్సరపు ప్రభుత్వ నిబంధనల పుస్తకంలో మీ సరస్సు పేరు వెతికి చూసుకోవాలి. టొరంటో, బ్రాంప్టన్‌ల నుంచి మొదటిసారి బయలుదేరే మనవాళ్ళలో చాలామంది పొరబడేది ఇక్కడే: నాలుగు అంటే రోజుకు నాలుగు చొప్పున వారానికి ఇరవై ఎనిమిది కాదు. మీ దగ్గర ఏ సమయంలోనైనా ఉండదగిన మొత్తమే నాలుగు, ఐసు పెట్టెలో దాచినవి కూడా అందులోకే వస్తాయి. ఇండియా నుంచి వచ్చిన తల్లిదండ్రులను వెంట తీసుకువెళ్తే, అరవై అయిదు దాటిన కెనడావాసులకు ఉన్న మినహాయింపు వారికి వర్తించదు. వారు గాలం పట్టుకోవాలంటే వారి పేరున లైసెన్సు ఉండి తీరాలి.

ఈ విమానాలలో ఎక్కువగా కనిపించేది 1947లో మొదటిసారి ఎగిరిన డీ హావిలాండ్ బీవర్. అందులో ప్రతి కిలో బరువూ లెక్కే. ఒక్కొక్కరికి ఎన్ని కిలోల సామాను అనుమతిస్తారో బుకింగ్ సమయంలోనే అడిగి, ఇంట్లో తూకం వేసుకోవాలి. గట్టి సూట్‌కేసులు ఆ ఇరుకు చోటులో పట్టవు, మెత్తటి గుడ్డ సంచులే తేవాలి. మా మొదటి యాత్రలో పెద్ద సూట్‌కేసును డాక్ మీదే విప్పి సామానంతా చెత్త సంచులలోకి మార్చాము, ఆ హడావిడిలో మా పెద్దమ్మ గారి బీపీ మాత్రల పెట్టె ఒడ్డునే ఉండిపోయింది. అప్పటి నుంచి మందులు సామానులో కాక ఒంటిమీది జేబులోనే ఉంచుతున్నాము. పొగమంచు, గాలి వల్ల తిరుగు విమానం ఒకటి రెండు రోజులు ఆలస్యం కావడం మామూలే కనుక మందులు, బియ్యం, పప్పు రెండు రోజులకు అదనంగా ఉండాలి. సెల్‌ఫోన్ పనిచేయదు, అందువల్ల శాటిలైట్ ఫోనో మెసెంజరో క్యాబిన్ యజమాని ఇస్తారో లేదో ముందే కనుక్కోవాలి.

పనిముట్లు కొన్ని చాలు. ఆరు, ఆరున్నర అడుగుల రాడ్, చిన్న స్పిన్నింగ్ రీల్, ఆరు నుంచి ఎనిమిది పౌండ్ల లైన్, ఎనిమిదో వంతు నుంచి పావు ఔన్సు వరకు జిగ్‌లు (బరువైన తల ఉన్న కొక్కేలు) ఓ ముప్ఫై తీసుకువెళ్ళాలి. అడుగున రాళ్ళకు తగులుకుని, పైక్ చేపలు కొరికి, ఇవి రోజూ పోతూనే ఉంటాయి. జలగలు, చిరుచేపల వంటి ఎరలను బయటి నుంచి ఒంటారియోలోకి తేకూడదు, లోపల కూడా ఒక ప్రాంతం నుంచి మరొక దానికి తరలించడంపై ఆంక్షలున్నాయి. మెత్తటి ప్లాస్టిక్ ఎరలతో ఆ బాధ లేదు, జూన్‌లో వాటికే చేప బాగా పడుతుంది.

జిగ్‌ను అడుగు తగిలే వరకు వదలాలి. లైన్ వదులయితే అడుగు తగిలినట్టు. అప్పుడు రాడ్ కొసను జానెడు పైకెత్తి, లైన్ బిగువు సడలకుండా మెల్లగా దించాలి. వాల్‌ఐ కొట్టేది చాలాసార్లు జిగ్ కిందికి దిగేటప్పుడే. చేతికి తెలిసేది పెద్ద గుంజుడు కాదు, ఎవరో వేలి గోటితో లైన్‌ను ఒక్కసారి మీటినట్టు "టిక్" మంటుంది, ఆ వెంటనే తడిగుడ్డ తగిలినంత బరువు. ఆ బరువు తెలియగానే రాడ్ ఎత్తాలి. ఒక చేప పడిన చోట పడవను నిలిపి పది నిమిషాలైనా గాలం వేయాలి, ఎందుకంటే ఇవి గుంపుగా తిరుగుతాయి.

పట్టిన చేపను వదలడంలో నిర్లక్ష్యం నన్ను ఎక్కువగా బాధిస్తుంది. ఆ చల్లటి నీటిలో చేప చాలా నెమ్మదిగా పెరుగుతుంది. అరవై సెంటీమీటర్ల ఆడచేప వయసు పదేళ్ళు దాటి ఉండవచ్చు, సరస్సుకు గుడ్లు పెట్టేవి అవే. కొక్కేనికి ఉండే ముల్లును ముందే పట్టకారుతో నొక్కేయండి. చేతులు తడిపి పట్టుకోండి, వీపు రెక్క ముళ్ళు గుచ్చుకుంటాయి, మొప్పల అంచు పదునుగా ఉంటుంది కనుక వేళ్ళు జాగ్రత్త. ఫోటో తీసేది పది సెకన్లలో తీసేయాలి. తొమ్మిది పది మీటర్ల కంటే లోతు నుంచి లాగిన చేపకు లోపలి గాలితిత్తి ఉబ్బిపోతుంది, తిరిగి వదిలినా చాలావరకు బతకదు, కాబట్టి వదిలేద్దామనుకున్నప్పుడు అంత లోతులో గాలం వేయకూడదు. తినడానికి 40 సెంటీమీటర్ల లోపువి ఉంచుకోవడం రుచికీ మంచిదే, ఆరోగ్యానికీ మంచిదే. వేటాడి బతికే పెద్ద చేపల ఒంట్లో పాదరసం ఏళ్ళ తరబడి పేరుకుంటుంది. దీనిపై సరస్సు వారీగా ఒంటారియో ప్రభుత్వం సలహాలు ప్రచురిస్తుంది.

ఒడ్డున వండుకునే మధ్యాహ్న భోజనం అక్కడి ఆచారం. ఇంటి నుంచి పసుపు, కారం, ఉప్పు, బియ్యప్పిండి ఒకే పొట్లంలో కలిపి తీసుకువెళ్తే, ముక్కలను అందులో దొర్లించి ఇనుప పెనంలో వేయించడమే పని. పక్కటెముకలు తీసేశాక ఈ చేపకు సన్నటి ముళ్ళు కొద్దిగానే ఉంటాయి కాబట్టి పిల్లలు కూడా హాయిగా తింటారు. ఒక పూటకు చింతపండు గుజ్జు తీసుకువెళ్ళి పులుసు పెట్టండి, మాంసం తెల్లగా, గట్టిగా ఉంటుంది కనుక పులుసులో విడిపోదు. పేగులు, తలలు మాత్రం క్యాబిన్ దగ్గర పడేయకండి, నల్ల ఎలుగుబంట్లు వస్తాయి. యజమాని చెప్పిన చోటనే వేయాలి.

లైఫ్ జాకెట్ పడవలో ఉంచుకోవడం చాలదు, తొడుక్కోవాలి. జూన్ నీరు ఎంత చల్లనిదంటే, పడిన మొదటి నిమిషం ఊపిరి అదుపులో ఉండదు, పది నిమిషాలలో చేతులు మాట వినవు, గంటలోపు స్పృహ తప్పే ప్రమాదం ఉంది. మనిటోబా విశ్వవిద్యాలయానికి చెందిన గోర్డన్ గీస్‌బ్రెక్ట్ చెప్పిన ఈ ఒకటి, పది, ఒకటి లెక్కను పడవ ఎక్కే ప్రతివారికీ చెప్పండి. గాలి లేచి అలలు తెల్లగా విరగడం మొదలైతే సరస్సును అడ్డంగా దాటవద్దు, గాలి తగలని ఒడ్డున ఆగిపోండి.

తిరుగు ప్రయాణం నాటి ఉదయం, ఇంటికి తీసుకువెళ్ళే ముక్కల మీద ఏ జాతి చేపో తెలిసేలా కొంత చర్మం ఉంచి, ఒక్కో చేపను విడివిడిగా, లెక్కకు అందేలా పొట్లం కట్టాలి. సరిహద్దు దగ్గర గానీ, రోడ్డు మీద గానీ అధికారి లెక్కపెడితే విప్పకుండానే తెలియాలి. తరువాత సంచులన్నీ డాక్ మీదికి చేర్చి, ఇంజను చప్పుడు వినిపించేదాకా ఒక గాలం మాత్రం బయటే ఉంచుకోండి.