మత్తు మానే ప్రయత్నంలో ఉన్న వికలాంగులకు ఉద్యోగం చూసేటప్పుడు

"ముందు మందు మానెయ్, ఉద్యోగం సంగతి తర్వాత చూద్దాం" అని చాలామంది అంటారు. ఈ మాట తరచూ ఎదురు తంతుంది. వైకల్యంతో ఇంటికే పరిమితమై రోజంతా ఖాళీగా గడిపే మనిషికి మానడానికి కారణమే కనిపించదు. 1990లలో అమెరికాలోని న్యూ హాంప్‌షైర్‌లో రాబర్ట్ డ్రేక్, డెబోరా బెకర్ తీవ్రమైన మానసిక వ్యాధులున్నవారి కోసం ఐపీఎస్ (ఇండివిడ్యువల్ ప్లేస్‌మెంట్ అండ్ సపోర్ట్) అనే ఉద్యోగ సహాయ పద్ధతిని రూపొందించారు. అందులో ఈ వరస తిరగబడింది. పని చేయాలని ఉంటే చాలు, తాగుతున్నారన్న కారణంతో ఎవరినీ పక్కన పెట్టరు. నెల రోజుల్లోపే యజమానులను కలవడం మొదలుపెడతారు. చికిత్స చేసేవాళ్లు, ఉద్యోగం చూసేవాళ్లు ఒకే జట్టుగా పనిచేస్తారు. మిగతా వైకల్యాల విషయంలోనూ ఈ దారి పట్టుకోవచ్చు.

ఒక్కచోట మాత్రం తొందర పనికిరాదు. రోజూ బాగా తాగేవాళ్లు ఉన్నట్టుండి ఆపితే 6 నుంచి 48 గంటల మధ్య ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య మతిభ్రమణం, వణుకు, జ్వరం ముదిరి ప్రాణం మీదికి రావచ్చు. మూర్ఛ ఉన్నవారికి, తలకు దెబ్బ తగిలినవారికి ఈ ముప్పు ఇంకా ఎక్కువ. ఇంటర్వ్యూ ఉంది కదా అని ముందు వారం ఇంట్లోనే మాన్పించే పని ఎప్పుడూ పెట్టుకోకండి. డాక్టరు పర్యవేక్షణలోనే మాన్పించాలి. కండరాల బిగువుకు వాడే బాక్లోఫెన్, మూర్ఛకో నిద్రకో ఇచ్చే డయాజెపామ్ లాంటి మాత్రలు కూడా అంతే, హఠాత్తుగా ఆపకూడదు. మత్తు మానడమంటే అన్ని మాత్రలూ మానడమే అనుకుని వీటిని అవతల పారేసేవాళ్లు ఉంటారు. ఏయే మాత్రలు వాడుతున్నారో మొదటి రోజే అడిగి తెలుసుకోండి.

తాగుడు ఏ స్థాయిలో ఉందో తెలుసుకోవడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన ఆడిట్ ప్రశ్నావళి సరిపోతుంది. పది ప్రశ్నలు, మొత్తం 40 మార్కులు. 8 గానీ ఆ పైనగానీ వస్తే జాగ్రత్త పడాలి, 20 గానీ ఆ పైనగానీ వస్తే వ్యసనంగా మారిందేమోనని డాక్టరు చూడాలి. అడిగే తీరును బట్టి జవాబు మారిపోతుంది. చూపు లేనివారికి ఇంట్లోవాళ్లు చదివి వినిపిస్తే నిజం బయటికి రాదు. ఉద్యోగం చూసిపెట్టే మీరే తలుపు వేసి చదవండి. వినికిడి లేనివారికి సంజ్ఞా భాష దుబాసీ ఉండాలి, ఆ దుబాసీ చుట్టమో స్నేహితుడో కాకూడదు. బుద్ధిమాంద్యం ఉన్నవారితో "గత సంవత్సరంలో ఎన్నిసార్లు" అంటే ప్రయోజనం లేదు. "నిన్న తాగావా? మొన్న?" అంటూ ఒక్కో రోజు వెనక్కి వెళ్లాలి, గ్లాసు బొమ్మలు చూపించాలి.

తర్వాత ఒక వారం చార్టు గీయండి. ఏడు రోజులు నిలువుగా, గంటలు అడ్డంగా. మాత్రలు వేసుకునే వేళలు, అవి మగత పుట్టించే సమయం, థెరపీ, గ్రూపు సమావేశాలు, స్నానానికీ తయారవడానికీ పట్టే సమయం, ప్రయాణం అన్నీ నింపండి. ఖాళీగా మిగిలిన గళ్లే పని గంటలు. ఉదాహరణకు వెన్నుపాము దెబ్బతిని చక్రాల కుర్చీలో ఉన్నవారికి పొద్దున తయారవడానికే రెండు గంటలు పట్టవచ్చు. ఎనిమిదింటి డ్యూటీ ఒప్పుకుంటే మొదట తెగేది గొట్టంతో మూత్రం బయటికి తీసుకునే వేళ, లేదా కుర్చీలో బరువు మార్చుకునే అలవాటు. మద్యం మూత్రాన్ని పెంచుతుంది. వెన్నుదెబ్బ ఛాతీ ఆరో పూస దగ్గరగానీ ఆ పైనగానీ ఉంటే, నిండిన మూత్రాశయం వల్ల బీపీ అమాంతం పెరిగి ప్రమాదం కావచ్చు. రాత్రి తాగి కదలకుండా ఒరిగిపోతే ఒత్తిడికి పుండ్లు పడతాయి, పుండు పడితే వారాల తరబడి పని పోతుంది. ఈ లెక్క విడమరిచి చెబితే మానమని చేసే ఉపదేశం కంటే బాగా ఎక్కుతుంది.

ఉద్యోగం ఎంచుకునేటప్పుడు మందులనూ చూడాలి. తాగితే ఒంటికి పడకుండా చేసే డైసల్ఫిరామ్ మాత్ర వాడుతుంటే వార్నిష్, పెయింటు థిన్నర్, అత్తరు ఆవిర్లుండే పనులు వద్దు. ఆ మాత్ర మానేశాక కూడా రెండు వారాల వరకు ప్రతిచర్య రావచ్చు. తాగాలన్న కోరికను తగ్గించే నాల్ట్రెక్సోన్ మీద ఉన్నవారికి ప్రమాదం జరిగితే ఓపియాయిడ్ (మార్ఫిన్ లాంటి నల్లమందు జాతి) నొప్పి మందులు సరిగా పనిచేయవు, కాబట్టి ఆ మాత్ర వాడుతున్నట్టు తెలిపే కార్డు జేబులో తప్పనిసరి. బార్లు, ఔషధాల గోదాములు, ఒంటరి రాత్రి డ్యూటీలు మొదట్లో పక్కన పెట్టండి.

యజమానికి రోగం పేరు చెప్పనక్కర్లేదు, అవసరం చెబితే చాలు: "మంగళవారం, శుక్రవారం వైద్యం ఉంటుంది, ఆ రెండు రోజులు పదకొండింటికి వస్తాను." మధ్యలో ఖాళీ వచ్చిన ఏళ్ల గురించి అడిగితే "ఆరోగ్యం బాగోలేక చికిత్స తీసుకున్నాను, ఇప్పుడు పనికి సిద్ధం" అంటే సరి. అబద్ధం చెప్పొద్దు, వివరాల్లోకీ వెళ్లొద్దు.

మూత్ర పరీక్ష ఉన్న ఉద్యోగమైతే డాక్టరు చీటీ ముందే చూపించాలి. నొప్పికి వాడే కోడీన్ కూడా ప్రాథమిక పరీక్షలో పాజిటివ్ చూపిస్తుంది. అలాంటప్పుడు ఏ పదార్థమో కచ్చితంగా తేల్చే మాస్ స్పెక్ట్రోమెట్రీ పరీక్షతో నిర్ధారణ చేయమని అడగాలి. కాథెటర్ (మూత్రం గొట్టం) ఉన్నవారి నమూనా సంచిలో నిలవున్నదాంట్లోంచి తీయకూడదు. లాలాజల పరీక్ష పెట్టమని అడగడంలో తప్పు లేదు.

పని మొదలయ్యాక మొదటి జీతం రోజున మళ్లీ తాగుడులోకి జారే ముప్పు ఉంటుంది. చేతికి నగదు కాకుండా ఖాతాలో పడేలా చూడండి. అద్దె, మందుల ఖర్చు అదే రోజు కోసుకుపోయేలా ఏర్పాటు చేయండి. ఆ సాయంత్రం ఎవరితో గడపాలో ముందే రాసిపెట్టుకోవాలి. డబ్బు ఎవరి చేతిలో ఉండాలన్నది మాత్రం ఆ మనిషే తేల్చుకోవాలి. కుటుంబం గుంజుకుంటే గొడవ, గొడవ వెంట తాగుడు. జీతం మొదలైతే పెన్షన్ ఎంత తగ్గుతుందో కూడా చేరకముందే లెక్క వేయించండి. ఆ భయంతోనే వచ్చిన ఉద్యోగం వదులుకునేవాళ్లున్నారు.

మళ్లీ తాగితే ఏం చేయాలో బాగున్న రోజునే కాగితం మీద పెట్టాలి: ఎవరికి ఫోన్ చేయాలి, సెలవు ఎవరు అడగాలి, ఎన్నో రోజున డాక్టరును కలవాలి. హెరాయిన్ లాంటి ఓపియాయిడ్లు వాడినవారి విషయంలో ఇంకో మాట: కొన్నాళ్లు మానేశాక ఒళ్లు తట్టుకునే శక్తి తగ్గుతుంది. పాత మోతాదే ఊపిరి ఆపేయగలదు. ఓపియాయిడ్ల ప్రభావాన్ని తిప్పికొట్టే నలోక్సోన్ మందును ఇంట్లో ఉంచండి, వాడటం నేర్పండి.

మొదటి నెలలో వారానికి రెండుసార్లు మాట్లాడండి. నిలదొక్కుకున్నాక నెలకోసారి సరిపోవచ్చు. షిఫ్టు మారినా, పై అధికారి మారినా, కుర్చీయో వినికిడి యంత్రమో పాడైనా మళ్లీ వారానికి రెండుసార్లకు వచ్చేయండి.